ఏకాదశి నాడు కొన్న ఫ్రైస్

భద్రాచలంలో బస్టాండు నుంచి గుడి వైపు పోయే దారిలో ఒక ఫ్రైస్ దుకాణం ఉంది. ఒక్కటే షట్టరు. కూర్చోవడానికి కుర్చీ లేదు, బల్ల లేదు. కాగితం పొట్లంలో పోసి ఇస్తారు, పట్టుకుని పోవడమే. ఒక పక్క ఇత్తడి దీపాలు అమ్మే కొట్టు, ఇంకో పక్క ఫోన్ కవర్లు అమ్మే కొట్టు, మధ్యలో ఎప్పుడు చూసినా గుంపు. దర్శనం అయినవాళ్ళు ఒక చేతిలో ప్రసాదం సంచి, ఇంకో చేతిలో ఈ పొట్లం పట్టుకుని గోదావరి వైపు నడుస్తుంటారు. ఛత్తీస్‌గఢ్ బండ్లు, ఒడిశా బండ్లు, హైదరాబాద్ నుంచి కార్లలో దిగేవాళ్ళు, అందరూ అక్కడే నిలబడి ఉంటారు.

మేము గుడికి పోయేవాళ్ళం కాదు. ఇల్లందులో చర్చికి పోయే ఇల్లు మాది. నాయిన బొగ్గు బాయిలోకి దిగుతాడు, పైకప్పు కూలకుండా ఆనింపులు పెట్టే పని. నేను ఇంటర్ తప్పాక బట్టల షాపులో చేరాను. పొద్దంతా చీరలు విప్పి చూపించడం, కొననివాళ్ళు పోయాక మళ్ళీ మడత పెట్టడం. మాట్లాడటం నాకు పుట్టుకతో వచ్చిన పని కాబట్టి షాపులో బాగానే నెట్టుకొస్తున్నాను.

ఆ దుకాణానికి అమ్మా నేనూ మొదటిసారి పోయింది గోదావరి పొంగినప్పుడు. వాన తెరిపిస్తే చాలు, బ్రిడ్జి మీదికి పోయి నీళ్ళు చూసి రావడం మా వైపు జనానికి ఒక అలవాటు. నీళ్ళు చూశాం, ఫోటోలు దిగాం, ఆకలేసి ఇక్కడ ఆగాం. అమ్మకు ఆ ఫ్రైస్ ఎంత నచ్చాయంటే, పొట్లం ఖాళీ అయ్యాక దాన్ని చింపి, అడుగున మిగిలిన ఉప్పూ కారం వేలికి అద్దుకుని నాకింది. నేను సిగ్గుతో అటు తిరిగాను.

"అమ్మా, అందరు చూస్తున్నరు."

"చూడనియ్యి. వాళ్ళ పొట్లం అయిపోయిందని చూస్తున్నరు" అంది.

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో అమ్మకు చెవి కింద గడ్డ లేచింది. మొదట పంటి నొప్పి అనుకున్నాం. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానాలో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, ఆ తర్వాత కరెంట్ పెట్టారు. రేడియేషన్‌ను మా వైపు కరెంట్ అనే అంటారు. అది అయ్యాక అమ్మ నోట్లో ఉమ్మి ఎండిపోయింది. ముద్ద మింగాలంటే పక్కన నీళ్ళు ఉండాల్సిందే. రుచి కూడా పోయింది. కొందరికి కొన్ని నెలల్లో వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు అని డాక్టరమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు అమ్మ ముఖం చూడకుండా కంప్యూటరు చూస్తూ చెప్పింది. పాపం, ఆమెకు మాత్రం ఎట్లా ఉంటుంది, రోజూ ఇదే చెప్పాలి కదా.

ఇంటికి వచ్చిన మొదటి రోజు నేను పప్పు చేసి పెట్టాను. అమ్మ రెండు ముద్దలు తిని, "ఉప్పు మర్శినవ్ బిడ్డా" అంది. నేను మరవలేదు. నాయిన పళ్ళెంలోంచి తల ఎత్తి నన్ను చూశాడు, నేను నాయినను చూశాను. అమ్మ మా ఇద్దరినీ చూసి పళ్ళెం పక్కకు జరిపింది. తర్వాత ఒకసారి ఎట్లా ఉంటుందమ్మా అని అడిగితే, తడిసిన అట్టముక్క నమిలినట్టుంది అని చెప్పింది.

ఇంతవరకైతే ఓర్చుకునేవాళ్ళమే. మనిషి దక్కింది, అదే చాలు అనుకునేవాళ్ళం. కానీ నాయిన ఒక పని చేశాడు.

శ్రమల దినాలు మొదలయ్యే బుధవారం మా చర్చిలో ఒక్కొక్కరు లేచి తీర్మానం చెప్తారు. ఈస్టర్ దాకా ఏది మానుకుంటారో అందరి ముందూ చెప్పాలి. మాంసం మానేవాళ్ళు, టీ మానేవాళ్ళు, టీవీ సీరియల్ మానేవాళ్ళు ఉంటారు. సీరియల్ అన్నవాళ్ళను మేము నమ్మం. ఆ రోజు నాయిన లేచి, మా ఇంటామెకు ఉప్పు తెలిసేదాకా నేను ఉప్పు ముట్టను అన్నాడు. పాస్టరయ్య, ఈస్టర్ దాకా అని చెప్పుకోవయ్యా, సరిపోతుంది అన్నాడు. నాయిన వినలేదు. ఆమెకు తెలిసేదాకా అని మళ్ళీ అదే మాట అని కూర్చున్నాడు.

బాయిలోకి దిగేవాళ్ళకు ఉప్పు మానడం అంటే ఏమిటో మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎండలు ముదిరే కాలం. లోపల గాలి ఆడదు. షిఫ్ట్ దిగి వచ్చిన మనిషి చొక్కా ఆరేస్తే వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. అంత ఉప్పు ఒంట్లోంచి పోతుంటే, అందరూ మజ్జిగలో ఉప్పు కలుపుకుని డబ్బా పట్టుకుపోతుంటే, మా నాయిన ఉత్త నీళ్ళు పట్టుకుపోయేవాడు. పది దినాలు తిరగకముందే పిక్కలు పట్టేయడం మొదలైంది. పడుకున్నవాడు పడుకున్నట్టే లేచి కాలు పట్టుకుని మూలిగేవాడు. అమ్మ లేచి పిక్కలు పిసికేది. "నీకేమన్న పిచ్చా" అని తిట్టేది.

అమ్మ అబద్ధం చెప్పి చూసింది. నాకు ఉప్పు తెలుస్తోంది, ఇంక నువ్వు తిను అంది. నాయిన ఆమెను కళ్ళు మూసుకోమని, రెండు గిన్నెల్లో పప్పు తెచ్చి ఒక్కో చెంచా నోట్లో పెట్టాడు. ఒకదాంట్లో ఉప్పు ఉంది, ఒకదాంట్లో లేదు. ఏది అని అడిగాడు. అమ్మ తప్పు చెప్పింది. ఇంకోరోజు ఒప్పు చెప్పింది, మర్నాడు మళ్ళీ తప్పు. "నన్ను మాయ చెయ్యకు" అని గిన్నెలు తీసుకుని పోయాడు. అప్పటి నుంచి అమ్మ మాట ఈ విషయంలో చెల్లకుండా పోయింది.

ఇంతలో నాయినతో షిఫ్ట్‌కు పోయే పక్క క్వార్టరు మామ ఒక సాయంత్రం వచ్చి అమ్మను బయటికి పిలిచాడు. నేను లోపల ఉన్నాను కానీ వినిపించింది. లోపల బొగ్గు మోసే బెల్టు పక్కన నడుస్తుంటే నాయినకు కాలు పట్టేసి కూలబడ్డాడట. ఇటు పడ్డాడు కాబట్టి సరిపోయింది, జర అటు పడితే బెల్టు ఈడ్చుకుని పోయేది అన్నాడు. ఈ మాట ఇంట్లో చెప్పవద్దని నాయిన ఒట్టు వేయించుకున్నాడట. "నేను చెప్పిన్నని చెప్పకు అక్కా, కని ఎట్లన్న జేసి ఆయనతోని ఉప్పు తినిపియ్యి" అని పోయాడు.

అమ్మ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. లోపలికి వచ్చాక నాతో అన్న మాట ఇది: "రేపు సెలవు పెట్టు. భద్రాచలం పోదాం."

"ఎందుకే?"

"ఆ ఆలుగడ్డ ముక్కలు తినాలె. నా నాలుకకు జీవమొస్తే ఆడనే రావాలె."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. అయినా ఎక్కడో ఆశ కూడా పుట్టింది. నా సంగతి అంతే, ఎవరైనా ఒక మాట గట్టిగా అంటే నమ్మేస్తాను. పొద్దున్నే షాపులో ఫోన్ చేసి జ్వరం అని చెప్పాను. నాయిన ఫస్ట్ షిఫ్ట్‌కు పోయాక బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, అందుకని బస్సులో కాలు పెట్టే సందు లేదు. టేకులపల్లి దాకా నిలబడ్డాం. అక్కడ ఒకామె దిగితే అమ్మకు సీటు దొరికింది. కొత్తగూడెం, పాల్వంచ దాటేసరికి అమ్మ తన నీళ్ళ సీసా మొత్తం తాగేసింది. గుక్క గుక్కకూ నోరు తడుపుకోవాలి ఆమె. దారి పొడుగునా మోదుగు చెట్లకు పువ్వు రాలిపోయి, అడవి బూడిద రంగులో ఉంది. నేను ఏదేదో మాట్లాడుతూనే ఉన్నాను. షాపులో ఒక కస్టమర్ కథ చెప్పాను, యాభై చీరలు చూసి జాకెట్టు ముక్క కొనుక్కుపోయినామె కథ. అమ్మ నవ్వింది కానీ చూపు కిటికీలోనే ఉంది.

శ్రీరామనవమి అయిపోయినా భద్రాచలంలో జనం తగ్గలేదు. పసుపు బట్టల్లో మనుషులు, తలలు గుండు చేయించుకుని గంధం రాసుకున్నవాళ్ళు, ఆటోలు, బెలూన్లు. ఫ్రైస్ దుకాణం ముందు లైను రోడ్డు మీదికి వచ్చింది. ఎండ నెత్తి మీద ఉంది. అమ్మ లైను చివరికి పోయి, కాళ్ళ చెప్పులు విడిచి లైనులో పెట్టి, వచ్చి దీపాల కొట్టు నీడలో నిలబడింది. యూరియా కోసం సొసైటీ దగ్గర మావాళ్ళు అట్లాగే పెడతారు. ముందున్న హైదరాబాద్ పిల్లలు చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుని నవ్వుకున్నారు. నవ్వనియ్యి అని నేనూ నా చెప్పులు పెట్టాను. కాసేపటికి వాళ్ళలో ఒక పిల్ల ఎండకు ఆగలేక, "ఆంటీ, మాది కూడా పెట్టొచ్చా" అని అడిగింది. అమ్మ పెద్ద ఆఫీసర్ లెక్క తల ఊపింది. అట్లా ఎనిమిది తొమ్మిది జతల చెప్పులు లైనులో నిలబడ్డాయి, మనుషులందరం నీడలో నిలబడ్డాం. లైను కదిలినప్పుడల్లా ఎవరో ఒకరు ఉరికి పోయి అందరి చెప్పులూ కాలితో ముందుకు నెట్టి వచ్చేవాళ్ళు. గడ్డ లేచినప్పటి నుంచి అమ్మ ముఖంలో అంత హుషారు నేను చూడలేదు.

దుకాణం నడిపేది భార్యాభర్తలు. ఆమె ఒక ఇనుప చట్రంలో ఆలుగడ్డ పెట్టి కర్ర మీద బలమంతా వేసి నొక్కుతుంది, ముక్కలు నీళ్ళ టబ్బులో పడతాయి. ఆయన పెద్ద బాండిలో వేయిస్తాడు. ఒకసారి వేయించి తెల్లగా ఉండగానే తీసి జల్లెడలో పోస్తాడు, మన వంతు వచ్చినప్పుడు మళ్ళీ నూనెలో వేసి ఎర్రగా తీస్తాడు. అందుకే అవి నోట్లో కరకరమంటాయి. ఆయన చెయ్యి ఒక పని చేస్తుంటే నోరు ఒక పాట లాగా ఏదో ఒకటి చెప్తూనే ఉంటుంది, జరగండి, నూనె చిమ్ముతుంది, ఎవరెవరికి ఎన్ని, అంటూ. నా వంతు వచ్చినప్పుడు నేను, అమ్మ ఎండలోకి వస్తుందేమో అని అటే చూస్తున్నాను. ఆయన పొట్లం చేతిలో పెట్టి ఇంకేదో అన్నాడు, నాకు తెలియలేదు. పొట్లం అమ్మకు ఇచ్చి, ఖాళీ సీసా పట్టుకుని, ఎదురుగా ఉన్న చలివేంద్రానికి ఉరికాను. నీళ్ళు లేకపోతే అమ్మకు ముద్ద దిగదు కదా.

చలివేంద్రం దగ్గర కూడా జనమే. కుండలోంచి గ్లాసుతో ముంచి సీసాలో పోసుకుని వచ్చేసరికి కొంచెం ఆలస్యమైంది. వచ్చి చూస్తే అమ్మ కొట్టు మెట్టు మీద కూర్చుని ఉంది. పొట్లం సగమైంది. నీళ్ళు లేకుండా అంత ఎట్లా మింగిందో నాకు తెలియదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది.

"ఇగో మీ బిడ్డ వచ్చింది" అని, నన్ను చూసి నవ్వింది. మళ్ళీ ఫోన్‌లో, "నిజం జెప్తున్నయ్యా. తెల్సింది. ఉప్పు తెల్సింది నాకు. కొంచెం ఎక్కువనే ఏసిండు, నాలుక చుర్రుమన్నది" అంది.

నా గుండె ఎట్లా ఎగిరిందో చెప్పలేను. అక్కడే అమ్మ మెడ పట్టుకుని ఊపేశాను. అమ్మ తల మీది కొంగు జారిపోయింది. పక్కన నిలబడి తింటున్న హైదరాబాద్ పిల్లలకు, మా అమ్మకు రుచి వచ్చింది అని చెప్పేశాను, వాళ్ళకేం అర్థమైందో పాపం. ఆ సంతోషంలోనే పొట్లంలోంచి రెండు ముక్కలు తీసి నోట్లో వేసుకున్నాను.

ఉప్పు లేదు.

ఇంకొకటి తిన్నాను. ఒక దాని మీద పడకపోయి ఉండవచ్చు అనుకున్నాను. అడుగు నుంచి ఒకటి తీసి తిన్నాను. కరకరలాడుతున్నాయి, వేడిగా ఉన్నాయి, ఉత్త ఆలుగడ్డ. ఎక్కడా ఉప్పు రవ్వ లేదు.

అప్పుడే అమ్మ ఫోన్ నా చేతికి ఇచ్చింది. "నిన్నడుగుతుండు. చెప్పు."

ఫోన్‌లో వెనక నీళ్ళ చప్పుడు. నాయిన బాయి దగ్గరే ఉన్నాడు, అప్పుడే పైకి వచ్చి కడుక్కుంటున్నట్టున్నాడు. "బిడ్డా" అన్నాడు. "నువ్వు తిన్నవా?"

"తిన్న."

"మీ అమ్మ చెప్పేది నిజమేనా? ఉప్పున్నదా?"

నా కడుపులో మాట దాగదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నాయిన నన్ను అడిగాడు. అమ్మ మెట్టు మీద కూర్చుని నా ముఖంలోకి చూస్తోంది. ఆమెకు ఇంకా తెలియదు, పొట్లంలో ఉప్పు లేదని. నేను తిని, అవును అని చెప్తాను, దాంతో నాయిన నమ్ముతాడు అని ఎదురు చూస్తోంది. ఆమె కళ్ళలో సంతోషం లేదు, భయం ఉంది. ఆమె నవ్వు ముందు చూసి, కళ్ళు తర్వాత చూశాను నేను.

"ఉన్నది నాయినా" అన్నాను. "ఎక్కువనే ఉన్నది."

నాయిన నల్లా కట్టేసినట్టున్నాడు, నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ తర్వాత "దేవునికి స్తోత్రం" అని పెట్టేశాడు.

నేను ఫోన్ అమ్మకు ఇచ్చి, పొట్లం పట్టుకుని దుకాణం దగ్గరికి పోయాను. లైను పక్క నుంచి తల దూర్చి, అన్నా, దీంట్లో ఉప్పు లేదు అన్నాను. ఆయన బాండిలోంచి కళ్ళు తీయకుండానే చెప్పాడు, ఈ రోజు ఏకాదశి కదమ్మా, ఉపవాసం ఉన్నవాళ్ళు ఎక్కువ వస్తారు, వాళ్ళు మామూలు ఉప్పు తినరు, అందుకని ఏకాదశి నాడు మేము వేయం, అదిగో డబ్బాలు, సైంధవ లవణం ఒకటి, మామూలుది ఒకటి, ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకోవడమే, ఇందాక పొట్లం ఇచ్చినప్పుడు మీకు చెప్పాను కదా అని. ఏకాదశి ఎప్పుడో, ఎట్లా ఉంటుందో మాకేం తెలుసు. మా ఇంట్లో క్యాలెండరులో ఆదివారాలు మాత్రమే చూస్తాం.

మామూలు ఉప్పు డబ్బా తీసుకుని చల్లాను. చెయ్యి ఆగలేదు. ముక్కల మీద తెల్లగా కనిపించేంత చల్లాను. వెనక్కి వచ్చి పొట్లం అమ్మ ఒడిలో పెట్టి పక్కన కూర్చున్నాను. అమ్మ పొట్లంలోకి చూసింది. ముక్కల మీద ఉప్పు రవ్వలు ఎండకు మెరుస్తున్నాయి.

"ఇందాక లేకుండెనా?" అని అడిగింది.

నేను తల ఊపాను.

అమ్మ ఒక ముక్క తీసుకుంది. మెల్లగా నమిలింది. కళ్ళు మూసుకుని నమిలింది. నేను ఆమె దవడ కదలడమే చూస్తున్నాను. నా చేతిలో నీళ్ళ సీసా పట్టుకుని, దేవా దేవా అనుకుంటున్నాను. నీళ్ళు తాగి మింగింది. ఇంకొకటి తీసుకుంది. దాన్నీ అట్లాగే నమిలి మింగింది.

"ఎంత ఏసినవ్?"

"బాగనే ఏసిన."

అమ్మ తల అడ్డంగా ఊపింది. అంతే. పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది.

చెప్పుల లైను అయిపోయి, కొత్తవాళ్ళ లైను మొదలైంది. మా చెప్పులు ఎవరో పక్కకు నెట్టేశారు. వెతుక్కుని వేసుకుని బస్టాండుకు నడిచాం. వచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉంది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. బ్రిడ్జి మీద గోదావరి సన్నగా, ఇసుక మధ్యలో పాయలుగా ఉంది. నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం అనేది అమ్మ ఎరగదు. సారపాక దాటాక ఆమే మొదలుపెట్టింది.

"ముందే అనుకుని రాలేదు బిడ్డా. తెలుస్తదనే వచ్చిన. నువ్వు నీళ్ళకు పోయినవ్, నేను ఒకటి నోట్లె ఏసుకున్న. ఏం లేదు. ఇంకోటి ఏసుకున్న. ఏం లేదు. అప్పుడు ఫోన్ జేసిన."

"ఉప్పు ఎక్కువున్నదని ఎందుకన్నవమ్మా?"

"కొంచెమంటే మీ నాయిన నమ్మడు."

నేను ఏడ్చాను. ముందు సీటు మీద తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. పాల్వంచ దాకా ఆ చెయ్యి తీయలేదు. ఇల్లందులో దిగే ముందు నా చెవి దగ్గర అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"దేవుడు అడిగితే నేను జెప్పుకుంట. నిన్నడగడు. నువ్వు మాత్రం మీ నాయినకు చెప్పకు. చెప్తే మళ్ళ మొదలువెడ్తడు, నేను ఆయన్ని బాయి కాడికి ఏ ధైర్యంతోని తోలియ్యాలె?"

ఇంటికి పోయేసరికి నాయిన వంట చేసి పెట్టాడు. టమాట పప్పు, అన్నం, అప్పడాలు. తలకు నూనె రాసుకుని, దువ్వుకుని, పండుగకు తయారైనట్టు ఉన్నాడు. పప్పులో ఉప్పు వేశాను అని తనే చెప్పాడు. కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. ఆ తర్వాత తినడం మొదలుపెడితే, మా ఇంట్లో అట్లా తినడం నేను ఎప్పుడూ చూడలేదు. మూడోసారి అన్నం పెట్టుకున్నాడు. అమ్మ వడ్డిస్తూ, "మెల్లగ తినయ్యా, పప్పు యాడికి పోదు" అంది. ఇన్నాళ్ళూ ఇద్దరూ చప్పటి తిండే తిన్నారు కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగి, ముద్ద ముద్దకూ ఏదో మాట్లాడుకుంటూ తినేవాళ్ళు. ఆ రోజు నాయిన తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద పడుకుని నిద్రపోయాడు. అమ్మ ఇంకా పళ్ళెం ముందు కూర్చునే ఉంది. నేను ఆమె తినేదాకా కూర్చున్నాను.

నాయిన పిక్కలు మెల్లగా నయమయ్యాయి. మజ్జిగ డబ్బాలో అమ్మే ఉప్పు కలిపి పంపేది. నేను ముందు తాగి, సరిపోయింది అంటే, మూత పెట్టేది.

ఈస్టర్ ఆదివారం నాయిన చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడం మాలో ఉన్నదే. ఇట్లా జరుగుతుందని అమ్మకు గానీ నాకు గానీ తోచలేదు, తోచి ఉంటే ఆ రోజు చర్చికే పోయేవాళ్ళం కాదేమో. నాయిన మైకు పట్టుకుని, నా తీర్మానం దేవుడు విన్నాడు, నా భార్య నోటికి రుచి తిరిగి ఇచ్చాడు, భద్రాచలంలో ఒక ఆలుగడ్డ ముక్కతో ఇచ్చాడు, నా బిడ్డ పక్కనే ఉంది, నా బిడ్డ సాక్షి అన్నాడు. అందరూ నా వైపు తిరిగి చూశారు. కొందరు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ముసలామె ఒకామె ఏడ్చేసింది. అమ్మ కొంగు నుదుటి దాకా లాక్కుని కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటోందని అందరూ అనుకున్నారు. ఆమె వేళ్ళు నా చేతిని పట్టుకుని ఉన్నాయి, గోళ్ళు దిగాయి. నేను పాట వచ్చినప్పుడు అందరితో పాటు పాడాను.

ఆరాధన అయ్యాక చర్చి వెనక షెడ్డులో విందు. మా చర్చిలో విందు కూరకు ఉప్పు చూసేది అమ్మే. ఆమెకు జబ్బు చేశాక ఒకసారి ఒకరు, ఒకసారి ఇంకొకరు చూస్తున్నారు, ఒకసారి చప్పగా, ఒకసారి ఉప్పగా, అందరూ గొణుక్కుంటున్నారు. ఆ రోజు వండే ఆడవాళ్ళు అమ్మను చూడగానే దారి ఇచ్చారు. పెద్ద గంజు మీద మూత తీశారు, మాంసం కూర ఉడుకుతోంది. ఒకామె గరిటెతో కొంచెం రసం తీసి, ఊది, అమ్మ ముందు పెట్టింది.

"చూడక్కా. నువ్వు చూస్తెనే దించుతం."

అమ్మ గరిటె పట్టుకుంది. నాయిన షెడ్డు బయట మగవాళ్ళతో నిలబడి మా వైపే చూస్తున్నాడు, ముఖం వెలిగిపోతోంది. అమ్మ గరిటె నోటి దాకా తీసుకుపోయి, ఆగి, దాన్ని నా వైపు తిప్పింది.

"ఇగ నా బిడ్డ చూస్తది. ఎన్ని రోజులని నేనే చూడాలె? అది గూడ నేర్వాలె గదా" అంది. ఆడవాళ్ళు నవ్వారు, పెళ్ళికి తయారు చేస్తున్నావా అని ఒకామె అడిగింది. అమ్మ కూడా నవ్వింది.

నేను రసం నోట్లో పోసుకున్నాను. కాలింది. అందరూ నా ముఖం చూస్తున్నారు, అందరికంటే ఎక్కువగా అమ్మ చూస్తోంది. కారం, అల్లం, మసాలా, అన్నీ తెలుస్తున్నాయి. ఉప్పు సరిగ్గా ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు కాసేపు పట్టింది.